నాన్నగారి వాచీని సర్వీసింగ్‌కి ఇచ్చే ముందు

ప్రశ్న: మా నాన్నగారు చాలా ఏళ్లు కట్టుకున్న వాచీ నా దగ్గర ఉంది. రోజూ కీ ఇచ్చే రకం. డయల్ మీద 17 జ్యువెల్స్ అని ఉంది. వెనుక మూత మీద ఆయన పేరు, ఉద్యోగంలో చేరిన సంవత్సరం చెక్కించుకున్నారు. ఆయన పోయాక పదేళ్లుగా బీరువాలోనే ఉండిపోయింది. ఈమధ్య తీసి కీ ఇస్తే కాసేపు నడిచి ఆగిపోతోంది, కదిపితే మళ్లీ కొంచెం నడుస్తోంది. ఒక దుకాణంలో చూపిస్తే, కీ ఎక్కువ తిప్పడం వల్ల స్ప్రింగ్ బిగుసుకుపోయిందన్నారు. పాత మెషిన్ తీసేసి బ్యాటరీ మెషిన్ వేస్తామని, డయల్ కొత్తగా చేయించి కేసుకు పాలిష్ పెడతామని చెప్పారు. ఇన్ని మార్చాక అది నాన్న వాచీ అవుతుందా అని నా సందేహం. ముళ్లు, అంకెల చుక్కలు ఒకప్పుడు చీకట్లో ఆకుపచ్చగా వెలిగేవని అమ్మ అంటుంది, ఇప్పుడు వెలగడం లేదు. ఏం చేయించాలి, ఏం వద్దనాలి? మళ్లీ కట్టుకోవచ్చా?

సమాధానం: ముందు మీరు ఇంకోసారి కీ ఇచ్చి చూడడం మానేయండి. పదేళ్లు కదలని మెషిన్‌లో ఆయిల్ కొన్నిచోట్ల జిగురుగా మారి ఉంటుంది, కొన్నిచోట్ల పూర్తిగా ఆరిపోయి ఉంటుంది. ఆ జిగురులో చిక్కుకున్న ధూళి, లోహపు పొడి ఇరుసుల కొసల్ని అరగదీస్తాయి. అటూఇటూ ఊగుతూ సమయాన్ని కొలిచే బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొస మందం సుమారు 0.1 మిల్లీమీటరు. దాని మీద లోతుగా గాడి పడితే కడిగి ఆయిల్ వేసినంత మాత్రాన బాగుపడదు, ఇరుసే మార్చాల్సి వస్తుంది.

కీ ఎక్కువ తిప్పేశారన్న మాటను పక్కన పెట్టండి. చేత్తో కీ ఇచ్చే వాచీలో స్ప్రింగ్ నిండా చుట్టుకోగానే క్రౌన్, అంటే కీ తిప్పే గుండీ, గట్టిపడి ఆగుతుంది. అలా నిండుగా ఉండడం స్ప్రింగ్‌కు మామూలు స్థితే. అది దాటి బలవంతం చేస్తే స్ప్రింగో దాని కొక్కెమో తెగుతుంది. అప్పుడు బిగుసుకుపోవడం ఉండదు, క్రౌన్ ఎంత తిప్పినా వదులుగా తిరుగుతూనే ఉంటుంది. మీ వాచీలో స్ప్రింగ్ నిండుగానే ఉంది, దాని బలం చివరి దాకా చేరడం లేదు. స్ప్రింగ్ పెట్టె దగ్గర బలం ఎక్కువ, వేగం తక్కువ. అక్కడి నుంచి చక్రం తర్వాత చక్రానికి వేగం పెరిగే కొద్దీ బలం తగ్గుతుంది. చివరి ఎస్కేప్ చక్రం, దాన్ని ఒక్కో పన్నుగా ఆపి వదులుతూ బ్యాలెన్స్‌ను తోసే ప్యాలెట్ ఫోర్క్ దాకా వచ్చేసరికి మిగిలేది చిన్న తోపు మాత్రమే. అక్కడ కాస్త జిగురు ఉన్నా చాలు, వాచీ ఆగిపోతుంది. కదిపినప్పుడు మీ చేతి ఊపుతో బ్యాలెన్స్ చక్రం ఆడుతోంది, ఆ ఊపు తగ్గగానే ఆగుతోంది.

కాసేపైనా నడుస్తోందంటే చాలామటుకు మంచి కబురే. బ్యాలెన్స్ ఇరుసు విరిగి ఉంటే ఈపాటి నడక కూడా కష్టం. మీరు ఇప్పటికే ఇచ్చిన కీతోనే రెండు మూడు సంగతులు గమనించి రాసుకోండి, రిపేరు చేసేవారికి పనికొస్తాయి. డయల్ పైకి పెట్టినప్పుడు నడిచి, బోర్లా పెడితే ఆగుతుంటే ఒక వైపు ఇరుసు కొసలోనో అది తిరిగే రాయిలోనో (జ్యువెల్) లోపం ఉండవచ్చు. నడిచినంతసేపూ బాగా ముందుకు పరిగెడుతుంటే, అంటే గంటకే నిమిషాలు పెరుగుతుంటే, బ్యాలెన్స్ చక్రాన్ని వెనక్కి లాగే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు అయస్కాంతం వల్లనో ఆయిల్ వల్లనో ఒకదానికొకటి అంటుకున్నాయని అనుమానించాలి. సెకన్ల ముల్లు చక్కగా తిరుగుతున్నా నిమిషాల ముల్లు వెనకబడుతుంటే, ముళ్లను పట్టి తిప్పే క్యానన్ పినియన్ వదులైంది. అది మెషిన్ రోగం కాదు, బిగిస్తే సరిపోతుంది. ఆగిన ప్రతిసారీ ముళ్లు ఒకదాని మీదికి ఒకటి వచ్చిన చోటే ఆగుతుంటే, ముళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయన్న మాట. వెనుక మూత మాత్రం మీరు తెరవకండి. చాకు మొనతో తెరవబోతే జారి ముందుగా గీత పడేది మీ నాన్నగారి పేరు మీదే.

ఇక బ్యాటరీ మెషిన్ సంగతి. దీనికి ఒప్పుకోకండి. ఇందులో సెంటిమెంటు ఒక్కటే కాదు, పనితనం సంగతి కూడా ఉంది. డయల్ అడుగున రెండు సన్నటి కాళ్లుంటాయి, అవి పాత మెషిన్‌లోని రంధ్రాలకు సరిపోయేలా అమర్చినవి. కొత్త మెషిన్‌లో రంధ్రాలు వేరేచోట ఉంటాయి కాబట్టి ఆ కాళ్లు కోసేసి డయల్‌ను జిగురుతో అతికిస్తారు. ముళ్ల రంధ్రాల కొలత కలవకపోతే వాటిని పెద్దవి చేస్తారు, లేదా ముళ్లే మార్చేస్తారు. క్రౌన్ కాడ ఎత్తు కలవదు, దాంతో కేసు రంధ్రాన్నీ కెలుకుతారు. తర్వాత ఎప్పుడైనా పాత మెషిన్ తిరిగి పెట్టాలనుకున్నా డయల్ నిలవడానికి కాళ్లే ఉండవు. మెషిన్ బాగుచేయడం ఎవరివల్లా కాలేదనుకున్నా, వాచీని ఆగిన స్థితిలోనే దాచుకోవడం దీనికంటే మేలు. విడిభాగాలు తీసుకోవడానికి అలాంటిదే మరో పాత మెషిన్ ఎప్పుడో ఒకప్పుడు దొరకవచ్చు.

వెలిగే చుక్కల విషయం కొంచెం జాగ్రత్తగా చూడాలి. 1910ల నుంచి 1960ల దాకా వచ్చిన చాలా వాచీల ముళ్లకు, అంకెలకు రేడియం కలిపిన రంగు వేసేవారు. ఆ తర్వాత ట్రిటియం అనే మరో రేడియోధార్మిక పదార్థం వచ్చింది. రేడియోధార్మికత లేని, వెలుతురు తాగి వెలిగే రంగులు 1990ల నుంచి దాని స్థానం తీసుకున్నాయి. డయల్ అడుగు అంచున, తయారైన దేశం పేరుకు రెండు పక్కలా ఇంగ్లిషు 'టి' అక్షరం ఉంటే అది ట్రిటియం. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, సుమారు 12.3 ఏళ్లు, కాబట్టి పాత వాచీలో అది చాలావరకు సన్నగిల్లిపోయి ఉంటుంది. ఆ గుర్తు లేకుండా వాచీ 1960లదో అంతకు ముందుదో అయితే రేడియం అనే అనుకోండి. ఇప్పుడు వెలగడం లేదు కదా, పోయిందిలే అనుకోవద్దు. చెడిపోయింది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే. రేడియం అర్ధాయువు 1,600 ఏళ్లు, అది అలాగే ఉంటుంది. టార్చి వెలుగు చూపించి తేల్చుకోవడం కుదరదు, పాత రేడియం రంగు కూడా ఒక్కోసారి టార్చి తర్వాత క్షణకాలం వెలుగుతుంది. రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్ పెట్టి చూస్తేనే కచ్చితంగా తెలుస్తుంది.

రేడియం అయినా భయపడి పారేయనక్కర్లేదు. అద్దం మూసి ఉన్నంతవరకు అసలు ముప్పు, అంటే రాలిన పొడి ఊపిరితోనో నోటితోనో లోపలికి పోవడం, జరగదు. అద్దం ఊడదీసి గోకడం, చుక్కల్ని దూదితో తుడవడం, ఊదడం చేయకండి. పిల్లల చేతికి ఇవ్వకండి, దిండు పక్కన పెట్టుకుని నిద్రపోకండి. అన్నిటికంటే ముఖ్యం, వాచీ ఇచ్చేటప్పుడే 'ఇందులో రేడియం ఉండవచ్చు' అని నోటితో చెప్పండి, చీటీ మీద కూడా రాయండి. విప్పేది వారు, ఆ పొడి ముందు చేరేది వారి బల్ల మీదికే.

సర్వీసింగ్ అనే ఒకే మాట కింద రెండు వేరువేరు పనులు నడుస్తున్నాయి. మొదటిది, వెనుక మూత తీసి మెషిన్‌ను విప్పకుండానే పెట్రోల్‌లోనో మరో ద్రావకంలోనో ముంచి ఆరబెట్టి, కనిపించిన చోటల్లా చుక్క ఆయిల్ వేయడం. అరగంటలో అయిపోతుంది, వాచీ నడుస్తుంది, కొన్ని వారాలు బాగానే ఉంటుంది కూడా. కానీ రాళ్ల లోపల ఉన్న మురికి కరిగి అక్కడే మళ్లీ పేరుకుంటుంది, స్ప్రింగ్ పెట్టె లోపలికి ఎవరూ చూడరు. రెండోది అసలు సర్వీసింగ్. ఇందులో ప్రతి స్క్రూ విప్పి, ప్రతి భాగం విడిగా కడిగి, పరీక్షించి, తిరిగి కూర్చి, పొజిషన్ల వారీగా సమయం సరిచేస్తారు. పని గంటల్లో ముగిసినా పరీక్షకు రోజులు పడతాయి, కాబట్టి సాయంత్రానికల్లా ఇస్తామనే వారి దగ్గర ఇలాంటి వాచీ వదలకండి.

అసలు సర్వీసింగ్ ఎలా జరుగుతుందో తెలిస్తే ప్రశ్నలు అడగడం సులువు. ముందు ముళ్లు తీస్తారు. ఆ సమయంలో డయల్ మీద పలచటి ప్లాస్టిక్ కాగితం వేస్తారు, లేకపోతే మీటలు డయల్‌ను గీస్తాయి. డయల్ తీశాక స్ప్రింగ్‌లో మిగిలిన బలాన్ని క్రౌన్ పట్టుకుని నెమ్మదిగా వదులుతారు. ఇది మరిచి ప్యాలెట్ ఫోర్క్ తీస్తే చక్రాలు ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్లు, ఇరుసులు దెబ్బతింటాయి. తర్వాత బ్యాలెన్స్, ప్యాలెట్ ఫోర్క్, చక్రాలను పైనుంచి పట్టి ఉంచే లోహపు పలక (బ్రిడ్జి), చక్రాలు, చివరికి స్ప్రింగ్ పెట్టె బయటికి వస్తాయి. కడగడం ఒక క్లీనింగ్ ద్రావకంలోను, ఆపైన రెండు మూడు రిన్స్‌లలోను సాగుతుంది. ఇక్కడ తెలియనివారు చేసే పెద్ద పొరపాటు ఒకటి ఉంది. ప్యాలెట్ ఫోర్క్‌కున్న రెండు రాళ్లు, ఫోర్క్ తోపును అందుకునే బ్యాలెన్స్ కింది ఇంపల్స్ రాయి లక్కతో అతికి ఉంటాయి. వాటిని స్పిరిట్‌లో నానబెడితే లక్క కరిగి రాళ్లు కదిలిపోతాయి. ఆ తర్వాత వాచీ నడిచినా సమయం ఎప్పటికీ కుదురుకోదు.

కడిగాక ప్రతి రాయి రంధ్రంలోనూ మొన చెక్కిన సన్నటి చెక్కపుల్ల తిప్పుతారు. అది నల్లగా కాకుండా శుభ్రంగా బయటికి వచ్చేదాకా తిప్పాలి. మీ వాచీ మీద 17 జ్యువెల్స్ అంటే కృత్రిమ కెంపుతో చేసిన 17 రాళ్లు. అవి వేగంగా తిరిగే ఇరుసుల దగ్గర, ప్యాలెట్ దగ్గర ఉంటాయి. స్ప్రింగ్ పెట్టె ఇరుసుకు సాధారణంగా రాయి ఉండదు, లోహం మీద లోహం తిరుగుతుంది. అందుకే రోజూ కట్టుకుని సర్వీసింగ్ చేయించని వాచీల్లో అరుగుదల ముందుగా అక్కడే కనిపిస్తుంది. రంధ్రం కోలగా సాగి, పెట్టె పక్కకు వాలి బ్రిడ్జికి రాసుకుంటుంది. దానికి బుష్, అంటే అరిగిన రంధ్రంలో బిగించే చిన్న లోహపు గొట్టం, వేయాలి. 'పెట్టె ఆడుతోందా?' అని మీరు అడిగితే, ఎదుటివారికి మీరు విషయం తెలిసినవారని అర్థమవుతుంది.

స్ప్రింగ్ కొత్తది వేయించండి, పాతది బాగుందని చెప్పినా సరే. పాత నీలిరంగు కార్బన్ ఉక్కు స్ప్రింగులు ఏళ్ల తరబడి చుట్టుకుని ఉండి పట్టు కోల్పోతాయి. పెట్టెలోంచి తీసినప్పుడు బలమున్న స్ప్రింగ్ ఎదురు దిక్కుకు వంపు తిరిగి విచ్చుకుంటుంది, అలసినది చుట్టలాగే ఉండిపోతుంది. ఇప్పుడు దొరికే తెల్లటి మిశ్రలోహపు స్ప్రింగులు తుప్పు పట్టవు, చాలా అరుదుగా తెగుతాయి. కొలత మాత్రం ఆ మెషిన్‌దే ఉండాలి. స్ప్రింగ్ కొలతలు మూడు: ఎత్తు, మందం, పొడవు. ఉదాహరణకు 1.30, 0.10, 300 మిల్లీమీటర్లు అనుకుందాం. సరైనది దొరకలేదని మందం 0.11 ఉన్నది వేస్తే ఆ కాస్త తేడాకే బలం దాదాపు మూడో వంతు పెరుగుతుంది, ఎందుకంటే బలం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. బ్యాలెన్స్ మోతాదు మించి ఊగి ఇంపల్స్ రాయి ఫోర్క్‌ను వెనుక నుంచి గుద్దుతుంది, వాచీ విపరీతంగా ముందుకు పోతుంది. మందమైన స్ప్రింగ్ పెట్టెలో తక్కువ చుట్లే పడుతుంది కాబట్టి నడిచే కాలం కూడా తగ్గుతుంది.

ఆయిల్ దగ్గరే మంచి పనివారికీ మామూలువారికీ తేడా బయటపడుతుంది. ఒకే సీసాతో మెషిన్ అంతా సరిపెట్టడం తప్పు. వేగంగా, తేలిగ్గా తిరిగే ఇరుసులకు మోబియస్ కంపెనీవారి 9010 వంటి పలచటిది వాడతారు. నెమ్మదిగా, ఎక్కువ బరువుతో తిరిగే చోట చిక్కటి హెచ్‌పి 1300, ప్యాలెట్ రాళ్ల ముఖాలకు 9415, స్ప్రింగ్‌కు 8200, కీ ఇచ్చే భాగాలకు గ్రీజు. వేరే కంపెనీవి వాడినా ఫరవాలేదు, నాలుగైదు రకాలు ఉండడమే ముఖ్యం. రాయి గుంటలో సగానికి కాస్త పైన నిండితే చాలు. ఎక్కువైతే ఆయిల్ గుంటలో నిలవక ప్లేటు మీదికి పాకిపోతుంది, వెనకాలే రాయిలో ఉన్నదంతా పోయి అది పొడిగా మిగులుతుంది. అంటే ఆయిల్ ఎక్కువ వేసిన వాచీయే ఆయిల్ లేక అరిగిపోతుంది. చక్రాల పళ్లకు, ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకు, హెయిర్‌స్ప్రింగ్‌కు ఆయిల్ వేయరు. కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే వంటివి వాడతామంటే వాచీ వెనక్కి తీసుకోండి.

వాచీ ఇచ్చేటప్పుడు టైమ్‌గ్రాఫర్ చీటీ అడగండి. ఇది మైకుతో టిక్కుటిక్కు విని లెక్క చెప్పే యంత్రం. ఆ చీటీలో మూడు అంకెలు చూడాలి. మొదటిది రోజుకు ఎన్ని సెకన్లు ఎక్కువ, తక్కువ అన్నది. రెండోది ఆంప్లిట్యూడ్, బ్యాలెన్స్ చక్రం ఒక పక్కకు ఎన్ని డిగ్రీలు ఊగుతుందో చెబుతుంది. నిండా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు 260 నుంచి 300 ఉంటే చాలా బాగున్నట్టు. నిలువుగా పెడితే 20 నుంచి 40 డిగ్రీలు తగ్గడం సహజం. 24 గంటల తర్వాత కూడా 200 పైన ఉండాలి. పాత వాచీలో 240 కనబడితే బెంగపడకండి, 180 ఉంటే మాత్రం పని పూర్తి కానట్టే. మూడోది బీట్ ఎర్రర్, అంటే టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడంలో తేడా. 1 మిల్లీసెకనులోపు ఉంటే ఫరవాలేదు. పాత డిజైన్లలో దాన్ని సరిచేయాలంటే హెయిర్‌స్ప్రింగ్ కాలర్‌నే తిప్పాలి, అది ప్రమాదంతో కూడిన పని. అందుకే కొందరు 1.5 దగ్గర ఆపేస్తారు, అది తెలివైన నిర్ణయమే. ఆంప్లిట్యూడ్ సరిగ్గా చూపించాలంటే యంత్రంలో ఆ మెషిన్‌కు తగిన లిఫ్ట్ యాంగిల్, అంటే ఫోర్క్‌ను తాకి ఉన్నంతసేపు బ్యాలెన్స్ తిరిగే కోణం, పెట్టాలి. చాలా యంత్రాలు ముందే 52 డిగ్రీలకు పెట్టి వస్తాయి, మీ మెషిన్‌ది అది కాకపోవచ్చు. పాత చేతి వాచీల్లో ఎక్కువ భాగం గంటకు 18,000 బీట్లవి, అంటే సెకనుకు 5 టిక్కులు. ఈ వేగం వాచీలు మణికట్టు కుదుపులకు కొంచెం ఎక్కువగా చలిస్తాయి. సర్వీసింగ్ అయ్యాక రోజుకు 20 సెకన్ల అటూఇటూ తేడా వస్తే సంతోషించండి. రోజులో 86,400 సెకన్లున్నాయి, అందులో 20 అంటే వెయ్యికి పావు వంతు కూడా కాదు.

లోపలి భాగాలు అరిగేవి, కాబట్టి మార్చడానికి వెనకాడకండి. ఇరుసు అరిగితే కొత్తది, రాయి పగిలితే కొత్తది, సరిపోయే పాత మెషిన్ దొరికితే దాంట్లోంచి తీసినది. మీ నాన్నగారు రోజూ చూసుకున్నవి డయల్, ముళ్లు, కేసు, మూత. నా లెక్కలో వీటిని వీలైనంత తక్కువ ముట్టుకోవాలి.

డయల్ కొత్తగా చేయించడం అంటే పాత ముద్రణంతా గోకేసి మళ్లీ రంగు వేసి అచ్చు వేయడం. అక్షరాల ఆకారం మారుతుంది, నిమిషాల గీతలు ఒక్క పోగు అటు జరుగుతాయి, అంచున ఉన్న చిన్న అక్షరాలు మాయమవుతాయి. ఒకసారి చేశాక వెనక్కి రాదు. పసుపెక్కిన డయల్‌ను అలాగే ఉంచండి. గాలి ఊదే బల్బుతో దుమ్ము తీయడం తప్ప తడి తగిలించనివ్వకండి. పై వార్నిష్ పగిలిన డయల్ మీద తడి దూది ఒక్కసారి తిప్పినా అక్షరాలు దూదికి వచ్చేస్తాయి.

కేసు స్టీలుదైతే పాలిష్ వల్ల కొనలు గుండ్రబడతాయి, పట్టా తగిలే కాళ్లు సన్నబడతాయి. ఇత్తడి మీద క్రోమ్ లేదా బంగారు పూతైతే మరీ ప్రమాదం. మందమైన పూత అనుకున్నదే 20 మైక్రాన్లు, అంటే 0.02 మిల్లీమీటరు. బఫ్ చక్రం మీద ఒక్క నిమిషం ఎక్కువైతే కింది ఇత్తడి బయటపడుతుంది. మెషిన్ బయట ఉన్నప్పుడు ఖాళీ కేసును గోరువెచ్చటి సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగితే సందుల్లోని చెమట మట్టి పోతుంది, దాంతోనే కేసు మెరుగు సగం తిరిగొస్తుంది. వెనుక మూత మీద చెక్కడం ఉన్నది కాబట్టి అక్కడ పాలిష్ వద్దని విడిగా చెప్పాలి. కేసుకు వద్దన్నారని మూతకు పెట్టేవారూ ఉంటారు. అద్దం మాత్రం మార్చవచ్చు. పాతవి చాలావరకు అక్రిలిక్‌వే, చిన్న గీతలు ప్లాస్టిక్ పాలిష్ పేస్టుతో కొద్ది నిమిషాల్లో పోతాయి. పగులు ఉంటే మార్చండి, దాన్లోంచే చెమట ఆవిరి లోపలికి పోతుంది. క్రౌన్ అంచు నున్నగా అరిగి వేళ్లకు పట్టు చిక్కకపోతే అదీ మార్చవచ్చు. పాతది మాత్రం మీకే తిరిగివ్వమనండి.

వాచీ అప్పగించే ముందు పగటి వెలుతురులో ఫొటోలు తీయండి: డయల్ ఎదురుగా, అంచున ఉన్న అక్షరాలు దగ్గరగా, నాలుగు పక్కలు, చెక్కిన పేరు. వాళ్లు మూత తెరిచినప్పుడు మెషిన్‌ను కూడా తీయండి. బ్యాలెన్స్ చక్రం కింద ప్లేటు మీద మెషిన్ నంబరు సాధారణంగా ఉంటుంది. అది తెలిస్తే స్ప్రింగ్, ఇరుసు, కాడ అన్నీ వెతకడం తేలిక. తర్వాత ఇలాంటి చీటీ రాసి ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి: 'మెషిన్ పూర్తిగా విప్పి సర్వీసింగ్ చేయాలి. స్ప్రింగ్ కొత్తది. వెనుక మూత వాషరు ఉంటే కొత్తది. డయల్, ముళ్లు ముట్టకూడదు, రంగు వేయకూడదు. కేసుకు, వెనుక మూతకు పాలిష్ వద్దు. మరేదైనా భాగం మార్చాలంటే ముందు అడగాలి. తీసిన ప్రతి భాగం తిరిగివ్వాలి. పని ముందు, పని తర్వాత టైమ్‌గ్రాఫర్ చీటీలు కావాలి. డయల్ రంగులో రేడియం ఉండవచ్చు.' దీన్ని చదివి ముఖం చిట్లించేవారు మీ పనికి సరిపోరు. మంచి పనివారికి ఇలాంటి చీటీ ఇష్టమే, తర్వాత గొడవ ఉండదని.

ఇంకో మాట, అంచనా చెప్పకముందే ఇరుసు విరిగిందని తేల్చేసేవారిని భూతద్దంలో చూపించమనండి. 1930ల నుంచి ఇన్‌కాబ్లాక్ వంటి కుదుపు తట్టుకునే అమరికలు వ్యాపించాయి. బ్యాలెన్స్ మధ్యలో రాయిని పట్టి ఉంచే లైర్ అనే చిన్న గ్రీకు తంతివాద్యం ఆకారపు సన్నటి స్ప్రింగ్ కనిపిస్తే మీ వాచీలో అది ఉన్నట్టే, ఇరుసు విరిగే అవకాశం తక్కువ. అలాంటిది లేని వాచీ టేబుల్ ఎత్తు నుంచి పడినా ఇరుసు కొస విరగవచ్చు. కొత్త ఇరుసు అమర్చడం లేతు పని, అమర్చాక చక్రం బరువు అన్ని వైపులా సమంగా ఉందో లేదో చూడాలి. దానికి వేరే డబ్బు అడగడం న్యాయమే.

వాచీ ఇంటికి వచ్చాక పది రోజులు పరీక్షగా కట్టుకోండి. మధ్యలో సమయం సరిచేయకుండా, రోజూ అదే వేళకు ఎంత తేడా వచ్చిందో రాసుకోండి. ఒక రోజు నిండా కీ ఇచ్చి కదపకుండా వదిలి, ఎన్ని గంటలకు ఆగుతుందో చూడండి. 36 నుంచి 40 గంటలు నడవాలి, 24 కూడా రాకపోతే తిరిగి పంపండి. తేడా రోజూ ఒకేలా, ఉదాహరణకు 25 సెకన్లు ముందుకు ఉంటే అది లోపం కాదు. బ్యాలెన్స్ పక్కనున్న చిన్న మీట జరిపితే సరి. ఒక రోజు 10 సెకన్లు ముందుకు, మరో రోజు 40 వెనక్కి పోతుంటే ఎక్కడో రాపిడి మిగిలి ఉంది, అలాంటప్పుడు మీట జరిపి లాభం లేదు.

మీరు కట్టుకోవచ్చు, కట్టుకోండి. కీ పొద్దున్నే, వాచీ చేతికి లేనప్పుడు ఇవ్వండి. చేతికి ఉండగా తిప్పితే కాడ మీద పక్క నుంచి ఒత్తిడి పడి దాని రంధ్రం సాగుతుంది. గట్టిపడ్డాక ఇంక తిప్పవద్దు. సమయం ముందుకే తిప్పి పెట్టండి. తేదీ ఉన్న వాచీ అయితే రాత్రి 9 నుంచి తెల్లవారి 3 దాకా తేదీని చేత్తో మార్చకండి, ఆ వేళ తేదీ చక్రం పళ్లు పట్టుకుని ఉంటాయి. ఫోను కవర్ల అయస్కాంతాలు, స్పీకర్లు, బ్యాగుల అయస్కాంతపు గుండీలు దూరంగా ఉంచండి. ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతే అయస్కాంతం పట్టిందేమో చూడమనండి, డీమాగ్నెటైజర్ మీద పెడితే క్షణాల పని. సుత్తి పని, డ్రిల్లింగ్ చేసేటప్పుడు తీసి పెట్టండి. కొత్త వాషరు వేసినా దీన్ని నీళ్లకు ఓర్చుకునే వాచీగా లెక్కపెట్టవద్దు. అద్దం లోపల మంచు పట్టినట్టు కనిపిస్తే ఎండలో పెట్టడం, బియ్యంలో పెట్టడం వద్దు, ఆ రోజే తెరిపించండి. ఉక్కు కాడలకు, హెయిర్‌స్ప్రింగ్‌కు తుప్పు పట్టడానికి రెండు రోజులు చాలు.

కట్టుకోని రోజుల్లో కీ ఇవ్వాల్సిన అవసరం లేదు. ఆయిల్ గడ్డకట్టకుండా రోజూ నడిపించాలన్నది పాత జంతువుల నూనెల కాలం మాట, ఇప్పటి సింథటిక్ ఆయిళ్లకు అక్కర్లేదు. తరచూ కట్టుకుంటే అయిదేళ్లకోసారి సర్వీసింగ్, పండుగలకు పబ్బాలకు మాత్రమే అయితే ఏడేళ్ల దాకా ఆగవచ్చు. ఈలోగా నడిచే కాలం తగ్గినా, తేడా పెరిగినా అప్పుడే ఇవ్వండి. తోలు పట్టా చెమట పీల్చుకుని ఉప్పు వదులుతుంది, మూత మీద గుంటలు పడేది ఆ ఉప్పుకే. ఎక్కువ రోజులు దాచేటప్పుడు పట్టా తీసి పెట్టండి.

చివరగా, రిపేరు చేసినవారిని మెషిన్ నంబరు, వేసిన స్ప్రింగ్ కొలతలు, మార్చిన భాగాలు, తేదీ ఒక కాగితం మీద రాసిమ్మని అడగండి. పాత భాగాల పొట్లంతో పాటు దాన్ని వాచీ పెట్టెలోనే ఉంచండి. తర్వాతి సర్వీసింగ్ చేసేవారు స్ప్రింగ్ కోసం మళ్లీ మెషిన్ విప్పి కొలవాల్సిన పని ఉండదు.